ఎన్నికల వేళ వార్తకు ప్రమాణమేది?

ఎన్నికల తేదీలు ప్రకటింపబడిన నాటినుండి ఫలితములు వెలువడువరకు మన యిండ్లలో పత్రిక చదువు తీరే మారిపోవును. తక్కిన దినములలో వానకబురు, ధాన్యపు ధర, జిల్లా వార్తలు చూచి మడిచిపెట్టు పెద్దలు సైతము మొదటి పుట మొదలు కడపటి పుటవరకు విడువక చదువుదురు. సాయంకాలము టీవీ ముందు ఇంటిల్లిపాదియు చేరుదురు. మనుమడు సెల్‌ఫోనులో వచ్చిన దృశ్యము నొకదానిని తాతకు చూపును. తాత దానిని నమ్మి పొరుగింటివారితో చెప్పును. చదువుట, చూచుట, చెప్పుట హెచ్చును. విచారించుట మాత్రము హెచ్చదు. ఒకే తల్లి బిడ్డలు రెండు వేర్వేరు పత్రికలు చదివి, ఒకే బంతిలో భోజనమునకు కూర్చుండియు, రెండు వేర్వేరు దేశములవారివలె మాటాడుకొనుటను పాఠకులలో పలువురు చూచియే యుందురు. పోలింగు ముగిసిన పిమ్మటను ఆ మాటల గాయములు మానక, శుభకార్యములకు పిలుపులు మానుకొన్న కుటుంబములును కలవు.

ఏ పక్షమునకు ఓటు వేయవలెనన్నది ఈ పాఠమునకు విషయము కాదు. వార్త యని మన యెదుటికి వచ్చినదానిని ఏ తక్కెడలో తూచవలెనన్నదే విషయము. ఆ తక్కెడ మనకు క్రొత్తది కాదు. మన తర్కశాస్త్రము జ్ఞానమునకు ప్రమాణములను చెప్పినది. కంటితో చూచినది ప్రత్యక్షము. పొగను చూచి నిప్పు కలదని గ్రహించుట అనుమానము. ఇచ్చట అనుమానమనగా సందేహము కాదు, ఊహించి నిర్ణయించుట. నమ్మదగినవాడు చెప్పగా తెలిసికొనుట శబ్దము, అట్టివానిని ఆప్తుడందురు. ఉపమానమును కూడ నైయాయికులు చెప్పుదురు గాని మన పనికి ఈ మూడు చాలును. కల్యాణ పట్టణమున అనుభవ మంటపములో శరణులు కూడి, ప్రశ్నించుకొని, సమాధానము చెప్పుకొని తత్త్వమును తేల్చుకొనిరని తలచుకొను సమాజమునకు, ‘‘ఈ మాటకు ఆధారమేమి?’’ అని అడుగుట అమర్యాద కాదు.

మొదట ప్రత్యక్షమును చూతము. ఛాయాచిత్రము అబద్ధమాడదని పూర్వమొక నమ్మకముండెడిది. చిత్రము నిజమే యైనను, అది దేనికి ప్రత్యక్ష ప్రమాణమన్నది వేరే ప్రశ్న. 2018వ సంవత్సరమున కర్ణాటక శాసనసభ ఎన్నికలకు ముందు, మార్చి చివరి దినములలో అమిత్ షా తుమకూరు సిద్ధగంగా మఠమునకు వచ్చి శ్రీ శివకుమార స్వామివారిని దర్శించుకొనెను. ఏప్రిల్ మొదటి వారమున రాహుల్ గాంధీయు అదే మఠమునకు వచ్చి అదే స్వామివారికి నమస్కరించెను. రెండు చిత్రములును పత్రికలలో వచ్చినవి. ఒక చిత్రమును మాత్రమే చూచినవాడు మఠము ఫలాని పక్షమున నున్నదని చెప్పును. రెంటిని చూచినవాడు మఠమునకు వచ్చినవారికి దర్శనము, ప్రసాదము లభించునని మాత్రమే చెప్పగలడు. చిత్రము దర్శనమునకు ప్రమాణము, మద్దతునకు కాదు. నూటపది సంవత్సరములు పైబడిన ఆ వృద్ధ తపస్వి 2019 జనవరి 21న లింగైక్యులైరి. నిత్యము వేలకొలది బాలురకు అన్నము పెట్టి చదువు చెప్పించిన ఆ మఠము గడపను ఏ నాయకుడైనను తొక్కగోరుట సహజమే.

మఠాధిపతులును, మఠముల వ్యవహారము చూచువారును ఇచ్చట ఒక చట్టమును గుర్తుంచుకొనవలయును. మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టము 1988లో వచ్చినది. మత సంస్థ ఆవరణమును గాని, దాని నిధులను గాని రాజకీయ పక్షముల పనులకు వినియోగించుట దాని ప్రకారము నేరము. అయిదేండ్లవరకు శిక్ష పడవచ్చును. నాయకుడు వచ్చి మ్రొక్కుట వేరు, ఆవరణములో వేదిక కట్టి ఉపన్యసించుట వేరు. ఛాయాచిత్రకారుడు ఈ రెంటికిని భేదము చూపడు. కనుక ఆ భేదమును మఠమువారే కాపాడుకొనవలెను.

సెల్‌ఫోనులో వచ్చు కదలెడి బొమ్మలకు ఈ కాలమున ప్రత్యక్షమను గౌరవమును తగ్గించుకొనక తప్పదు. ఎన్నడో వేరొక రాష్ట్రములో జరిగిన కొట్లాట నిన్న మన జిల్లాలో జరిగినట్లు వచ్చును. నాయకుని మాటలో ముందు వెనుకలు కత్తిరించి నడుమనున్న ఒక్క వాక్యము వచ్చును. ఇవి చాలవన్నట్లు, మనిషి అనని మాటను అతని గొంతుకతో, అతని పెదవుల కదలికతో పలికించు ‘డీప్‌ఫేక్’ విద్యయు వచ్చినది. 2024 లోక్‌సభ ఎన్నికల నడుమ, మే నెలలో, అట్టివి తమ దృష్టికి వచ్చిన మూడు గంటలలోపల తమ ఖాతాలనుండి తొలగింపవలసినదిగా ఎన్నికల సంఘము పార్టీలను ఆదేశించెను. మూడు గంటలలో అది ఎన్ని గ్రామములు తిరిగివచ్చునో పాఠకులే ఊహించుకొనగలరు. ఎప్పటిది, ఎచ్చటిది, మొదట ఎవరు పంపిరి అను మూడింటికిని జవాబు లేని దృశ్యమును మరియొకరికి పంపకుండుటయే ఇంటిలో పెట్టుకొనదగిన కట్టడి.

ఇక శబ్ద ప్రమాణము. తెలుగు చెప్పుకొని బ్రతుకువాడను గనుక వార్తలను నేను వ్యాకరణముతో చదువుదును. వాక్యమునకు కర్త, కర్మ, క్రియ అని మూడు గలవని చిన్నతనమున అందరమును చదివితిమి. ఎన్నికల కాలపు వార్తలో తరచుగా లోపించునది కర్త. ‘‘ఫలానా నాయకుడు పార్టీ మారనున్నట్లు తెలిసింది.’’ ‘‘టికెట్టు దక్కదని జోరుగా ప్రచారం సాగుతోంది.’’ ‘‘అసంతృప్తి నెలకొన్నట్లు విశ్వసనీయ వర్గాల భోగట్టా.’’ ఇట్టి వాక్యములను నల్లబల్లపై వ్రాసి కర్తను గుర్తింపుడని తొమ్మిదవ తరగతి పిల్లలను అడిగితిని. ఒక బాలిక లేచి, ‘‘అయ్యవారూ, తెలిసింది అంటే ఎవరికి తెలిసింది?’’ అని అడిగెను. తరగతి నవ్వెను గాని ఆ పిల్ల అడిగినదే అసలు ప్రశ్న. ఎవరికి తెలిసినదో, ఎవరు తెలిపిరో లేని వాక్యములో ఆప్తుడు లేడు. ఆప్తుడు లేనిచోట శబ్దము ప్రమాణము కాజాలదు. పేరు బయటపెట్టరాని సాక్షిని కాపాడుట పత్రికకు కొన్ని వేళల ధర్మమే. అవినీతిని బయటపెట్టిన ఉద్యోగి పేరు అచ్చువేయుట అన్యాయము. కాని ఒక నాయకునికి టికెట్టు దక్కునా యను సంగతికి అంత మరుగెందులకు? చెప్పినవానికి ఆ వార్త అచ్చగుటవలన లాభమున్నది కాబోలునని శంకింప వీలున్నది.

శీర్షికల సంగతి మరొకటి. ప్రభంజనము, సునామీ, జనసంద్రము, గల్లంతు, చిత్తు అను మాటలు ఎన్నికల దినములలో ప్రతి పుటను అలంకరించును. అతిశయోక్తిలో మన శీర్షికాకర్తలు ప్రబంధ కవులను ఎన్నడో మించిరి. కవి చెప్పినది అతిశయోక్తి యని చదువరికి తెలియును. పత్రిక చెప్పినది నిజమని చదువును. అంతియే భేదము.

ఆప్తుడు ఎవ్వడను ప్రశ్నలో, చెప్పువానికి ఆ చెప్పుటలో స్వార్థము కలదా యనుటయు ఇమిడియున్నది. తెలుగు పత్రికల చరిత్ర తెలిసినవారికి ఇందులో దాపరికము లేదు. 1983 ఎన్నికలలో ఎన్.టి. రామారావు తెలుగుదేశమునకు ‘ఈనాడు’ అండగా నిలిచిన సంగతి ఆ కాలపు చరిత్ర వ్రాసినవారందరును చెప్పినదే. 2008లో వెలువడిన ‘సాక్షి’ వై.ఎస్. జగన్మోహన రెడ్డి కుటుంబము స్థాపించినది. 2011లో వెలువడిన ‘నమస్తే తెలంగాణ’ ఉద్యమ పక్షమైన తెలంగాణ రాష్ట్ర సమితికి సన్నిహితమైనది. ఇందువలన వీనిలోని ప్రతి అక్షరమును అసత్యమని త్రోసివేయరాదు. ఒక పక్షపు పత్రిక ఎదుటి పక్షపు తప్పును కాగితములతో సహా బయటపెట్టిన సందర్భములు పెక్కులు. అప్పుడు మనము నమ్మవలసినది ఆ కాగితమును. ఇంటికి ఒక్క పత్రికయే వచ్చువారు వారమునకొకమారైనను గ్రంథాలయమునకు పోయి, ఒకే సంగతిని రెండవ పత్రిక ఎట్లు వ్రాసినదో చూచుట మంచిది. ఒకదానిలో మొదటి పుటనున్నది మరియొకదానిలో ఎచ్చటను లేకుండుట గమనించినచో, అచ్చువేసిన అబద్ధముకంటె అచ్చువేయని నిజము బలమైనదని తోచును.

యజమాని పక్షపాతము కనబడునది. కనబడనిది అమ్ముడుపోయిన వార్త. దీనినే ‘పెయిడ్ న్యూస్’ అందురు. ప్రకటనను ప్రకటనగా అచ్చువేసి డబ్బు తీసికొనుట వ్యాపారము. డబ్బు తీసికొని దానినే వార్తగా అచ్చువేయుట చదువరిని మోసగించుట, అభ్యర్థి వ్యయపు లెక్కను ఎగవేయించుట. ఒక్క పనిలో రెండు తప్పులు. 2009 అక్టోబరున మహారాష్ట్ర శాసనసభ ఎన్నికల వేళ అప్పటి ముఖ్యమంత్రి అశోక్ చవాన్‌ను ప్రశంసించు వ్యాసము, పోటీలోనున్న వేర్వేరు మరాఠీ పత్రికలలో అవే వాక్యములతో వచ్చినది. దీనిని బయటపెట్టినవారు ‘ది హిందూ’ పత్రికలో పి. సాయినాథ్. పత్రికలలో పుటలకు పుటలు నిండినను, అభ్యర్థి చూపిన ప్రచార ప్రకటనల వ్యయము పదకొండు వేల రూపాయలు మాత్రమే. తాను డబ్బిచ్చినట్లు చవాన్ అంగీకరింపలేదు. ఎన్నికల సంఘము 2014 జూలైలో ఆయన లెక్కలు సక్రమముగా లేవని తేల్చగా, ఆ సెప్టెంబరులోనే ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసెను. ఉత్తరప్రదేశ్‌లో ఉమ్లేశ్ యాదవ్ అను శాసనసభ్యురాలి విషయము వేరు. 2007 ఎన్నికలలో వార్తగా వచ్చిన ప్రకటనల వ్యయమును లెక్కలో చూపలేదని 2011 అక్టోబరున ఎన్నికల సంఘము ఆమెను మూడేండ్లు అనర్హురాలిని చేసెను.

ఈ వ్యాపారమును విచారించుటకు ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇరువురిలో ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, మరియొకరు మన తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాస రెడ్డి. పత్రికల పేర్లతో వారు వ్రాసిన నివేదికను 2010లో కౌన్సిలు పూర్తిగా వెలువరింపక సంగ్రహమును మాత్రమే వెలువరించెను. సమాచార కమిషను ఆదేశము మీదట 2011లో గాని పూర్తి పాఠము ప్రజలకు దక్కలేదు. పత్రికలు తమ తప్పును గూర్చి వ్రాసికొనుటకు ఎంత సంకోచించునో దీనినిబట్టి తెలియును.

అట్టి వార్తను పోల్చు గుర్తులు లేకపోలేదు. విలేకరి పేరుండదు. ఎదుటి అభ్యర్థి మాట ఒక్కటియు నుండదు. పొగడ్తలో ఒక్క ‘కాని’ యుండదు. జిల్లా అనుబంధములో అదే పుటలో ఇరువురు ప్రత్యర్థులును ఒకే దినమున ‘గెలుపు ఖాయము’ అనిపించుకొనుటయు నప్పుడప్పుడు కనబడును! కరపత్రముల విషయములో చట్టము మనకు ఇంకను సులభమైన గుర్తునిచ్చినది. ప్రజా ప్రాతినిధ్య చట్టము 127ఏ సెక్షను ప్రకారము ఎన్నికల కరపత్రముపై ముద్రాపకుని, ప్రకాశకుని పేర్లును చిరునామాలును ఉండి తీరవలెను. ఆరు నెలలవరకు జైలుశిక్ష గాని, రెండు వేల రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. రాత్రికి రాత్రి తలుపు సందులో పడిన కరపత్రము అడుగుభాగమున ఆ పేర్లు లేనిచో, పైభాగమున నున్నదానిని చదువ నక్కరలేదు.

మూడవదియు, మన సమాజమునకు మిక్కిలి హత్తుకొన్నదియు అనుమానము. జహీరాబాదు, నారాయణఖేడు, ఆదోని ప్రాంతములలోని మనవారికి బీదరు, రాయచూరు, బళ్లారి సీమలతో బంధుత్వములు కలవు. కర్ణాటకములో ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ‘లింగాయతుల ఓట్లు ఎటు?’ అను ప్రశ్నను ఇరుగడల పత్రికలును వేయుచుండును. అవి చెప్పు సమాధానములోని అనుమానమును విడదీసి చూతము.

పొగను చూచి నిప్పును ఊహించుట ఎందుకు చెల్లును? ఎచ్చటెచ్చట పొగ యుండునో అచ్చటచ్చట నిప్పుండునను నియమము మనకు వంటింటిలోను, పొలములోను పలుమార్లు తెలిసినది. ఈ నియమమునే వ్యాప్తి యందురు. వ్యాప్తి చెడినచో అనుమానము హేత్వాభాసమగును. అనగా కారణమువలె కనబడు అకారణము. ‘ఫలాని నాయకుడు లింగాయతుడు, కనుక లింగాయతులెల్లరు అతని వెంట నుందురు’ అనునది పత్రికల అనుమానము. దీనికి వ్యాప్తి కలదా?

2023 ఏప్రిల్‌లో జగదీశ్ శెట్టర్, లక్ష్మణ్ సవదీ అను ఇరువురు భాజపా నాయకులు టికెట్లు దక్కక కాంగ్రెస్‌లో చేరిరి. ఇరువురును లింగాయతులే. ఒకరు మాజీ ముఖ్యమంత్రి, మరియొకరు మాజీ ఉపముఖ్యమంత్రి. సమాజము వెంట నడచునని పత్రికలు రెండు పేర్లను ఒకే వాక్యములో వ్రాసినవి. మే 13న ఓట్లు లెక్కింపగా అథణిలో సవదీ 76 వేలకు పైగా ఆధిక్యముతో గెలిచెను. హుబ్బళ్లి-ధారవాడ సెంట్రల్‌లో శెట్టర్ 34 వేలకు పైగా తేడాతో ఓడెను. ఓడించిన అభ్యర్థియు లింగాయతుడే. హేతువు రెండుచోట్లను ఒక్కటే, ఫలము వేర్వేరు. నిప్పు లేని పొగ కనబడినది గనుక ఆ పొగ మంచై యుండవలెను.

సంఖ్యల విషయము ఇంకను చిత్రము. కర్ణాటక జనాభాలో లింగాయతులు 17 శాతమని ఏండ్ల తరబడి పత్రికలు వ్రాసినవి. ఈ లెక్క ఎవరు, ఎప్పుడు లెక్కించినదని అడుగువారు తక్కువ. దేశ జనగణనలో 1931 పిమ్మట షెడ్యూల్డు కులములు, తెగలు తప్ప తక్కిన కులముల లెక్కలు ప్రకటింపబడలేదు. 2015లో కర్ణాటక ప్రభుత్వము జరిపించిన సర్వేలోని అంకెలు 2025 ఏప్రిల్‌లో పత్రికలకెక్కగా, లింగాయతులు 66 లక్షలని, అనగా సుమారు 11 శాతమని తెలియవచ్చెను. ఉపకులముల పేర వ్రాయించుకొన్నవారు లెక్కలో చేరలేదని సమాజ నాయకులు కాదనిరి. ప్రభుత్వమే తిరిగి సర్వే చేయింప నిశ్చయించి ఆ సెప్టెంబరున ఆరంభించెను. 17 సరియా, 11 సరియా యను వివాదము ఇచ్చట మన పని కాదు. రెండింటిలో ఏది నిజమైనను, ఇన్ని ఎన్నికలలో ‘నూరు నియోజకవర్గముల ఫలితమును నిర్ణయించు ఓట్లు’ అని వ్రాసిన కలములు కూర్చున్న పీఠము ఎంత వదులో చూడుడు. తమ సంఖ్య పెద్దదని చదివి మనవారు పొంగిపోవుటయు, చిన్నదని చదివి కోపగించుటయు కలదు. ఏ సంఖ్యను చదివినను ‘ఎవరు లెక్కించిరి?’ అని రెండు పర్యాయములును అడుగుట లేదు.

2018 ఎన్నికలు మరియొక పాఠము. ఆ మార్చిలో, నాగమోహన దాస్ సమితి సిఫారసుమీదట, లింగాయతులకును బసవతత్త్వమును నమ్మిన వీరశైవ లింగాయతులకును మతపర అల్పసంఖ్యాక హోదా నీయవలసినదని సిద్ధరామయ్య ప్రభుత్వము కేంద్రమునకు వ్రాసెను. దాని మంచిచెడ్డలు వేరుగా చర్చింపదగినవి. ఆ ఎన్నికలలో కాంగ్రెస్ 2013లో గెలిచిన 122 స్థానములనుండి 80కి తగ్గెను. భాజపా 40నుండి 104కు పెరిగెను. వెంటనే ‘లింగాయతుల ఆగ్రహము’ అను తీర్పు వెలువడినది. కాని ఓట్ల శాతములు చూడుడు. కాంగ్రెస్‌కు 2013లో 36 శాతమునకు పైగా రాగా, 2018లో 38 శాతమునకు పైగా వచ్చినవి. ఓడిన పక్షమునకు ఓట్లు పెరిగినవి! గెలుపులో ముందున్న భాజపాకు వచ్చినవి 36 శాతముపైన మాత్రమే. 2013లో యడియూరప్ప వేరు కుంపటి పెట్టి కర్ణాటక జనతా పక్షము పేర దాదాపు పది శాతము ఓట్లు చీల్చియుండెను. 2018 నాటికి ఆ చీలిక మాసిపోయెను. స్థానముల తారుమారునకు ఇది పెద్ద కారణము. మత హోదా సిఫారసు కొందరి మనస్సులను త్రిప్పియుండవచ్చును. ఎందరినన్నది స్థానముల సంఖ్యనుండి తేల్చుట సాధ్యము కాదు.

2023లో ఇంకొక వింత. భాజపాకు ఆ పర్యాయమును దాదాపు 36 శాతమే వచ్చినవి, స్థానములు మాత్రము 104 నుండి 66కు పడినవి. రాష్ట్రము మొత్తముమీద దాని ఓటు కదలనే లేదు. కాంగ్రెస్ సుమారు 43 శాతమునకు ఎదిగినది; జనతాదళ్ (ఎస్) 18 నుండి 13కు తగ్గినది. ‘సమాజము మూకుమ్మడిగా ఇటునుండి అటు దూకినది’ అని అచ్చువేసిన పత్రికల ప్రక్కన ఈ అంకెలను ఉంచి చదువుడు. కొన్ని ప్రాంతములలో మార్పు వచ్చినది నిజమే. మూకుమ్మడి యన్నది మాత్రము అంకెలలో లేదు.

ఆంధ్రప్రదేశ్‌లోను ఇదే తీరు. 2019లో తెలుగుదేశమునకు 39 శాతము ఓట్లతో 23 స్థానములు దక్కినవి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు అదే 39 శాతముతో దక్కినవి 11. రెండు పర్యాయములును ‘తుడిచిపెట్టుకొనిపోయినది’ అని శీర్షికలు వచ్చినవి. పదిమందిలో నలుగురు ఆ పక్షమునకు ఓటు వేసిన రాష్ట్రములో ప్రజలెల్లరు ఒక్క మాటమీద నిలిచిరని ఎట్లనగలము? మన గ్రామములో గెలిచినవాడు ఓడినవానిని ఎగతాళి చేయుటకు ముందు ఈ లెక్క చూచుకొనిన బాగుండును.

ఓట్లనుండి స్థానములను ఊహించుట ఇంత కష్టము గనుకనే ‘ఎగ్జిట్ పోల్స్’ పలుమార్లు తప్పుచున్నవి. అందులో ఒకటి గాక రెండు అనుమానములున్నవి. కొందరిని అడిగి అందరి ఓట్లను ఊహించుట ఒకటి. ఆ ఓట్లనుండి స్థానములను ఊహించుట రెండవది. మొదటిదానిలో చిన్న పొరపాటు రెండవదానిలో పెద్ద పొరపాటగును. 2024 జూన్ 1 సాయంకాలము పెక్కు సంస్థలు ఎన్డీయేకు 350కి పైగా, కొన్ని 400 వరకు స్థానములు చూపినవి. వచ్చినవి 293. నడుమ జూన్ 3న షేర్ల మార్కెట్టు ఉప్పొంగి, మరునాడు ఓట్ల లెక్కింపు నాడు సెన్సెక్స్ నాలుగు వేలకు పైగా పాయింట్లు కూలెను. ఊహను నిజమని నమ్మి కొన్నవారి ధనము ఒక్క దినములో కరగినది. మొదటి దశ పోలింగు ఆరంభమునుండి కడపటి దశ ముగిసిన అరగంటవరకు వీనిని ప్రకటింపరాదని 126ఏ సెక్షను నిషేధించుట ఇందులకే. ముందుగా చెప్పిన ఊహ తరువాతివారి ఓటును వంచునని చట్టము తలచినది.

ఈ ‘సమాజపు ఓటు’ అను మాటవలన నష్టమెవరికి? నాయకుడు సమాజమును మూటగా కట్టి తూకము వేయును. ఆ మూట తన చేతిలో నున్నదని చెప్పుకొను మధ్యవర్తి ఒకడు బయలుదేరును. వానికి పదవి వచ్చును. మన పేటకు మంచినీటి కుళాయి వచ్చునా యను ప్రశ్న వెనుకబడును. ఇంటిలోని కోడలు, కూతురు తమకు తోచిన అభ్యర్థికి ఓటు వేయగోరినచో ‘మనవారందరు అటుండగా నీవొక్కతె ఇటా?’ అను మాట వినవలసి వచ్చును. రహస్య ఓటు ఏర్పాటు వారికొరకే గదా! మతము, కులము, భాష పేర ఓటడుగుట ప్రజా ప్రాతినిధ్య చట్టము 123(3) సెక్షను ప్రకారము అవినీతికర చర్య. అభ్యర్థి మతము, కులములే గాక ఓటరు మతము, కులముల పేర అడిగినను తప్పేయని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల పీఠము నలుగురి ఆధిక్యముతో తేల్చినది. ‘మీరు మావారు, కనుక’ అని మన గడప యెదుట మొదలుపెట్టు వాక్యము చట్టము ఎదుట నిలువదు.

ఇంతకును నమ్మదగిన కాగితములు లేవా? కలవు. ప్రతి అభ్యర్థియు ఫారము 26లో తన ఆస్తులు, అప్పులు, చదువు, తనపై నున్న కేసులు ప్రమాణపూర్వకముగా వ్రాసి యియ్యవలెను. 2002, 2003 సంవత్సరములలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల ఫలమిది. రిటర్నింగు అధికారి నోటీసు బోర్డుమీదను, ఎన్నికల సంఘపు వెబ్‌సైటులోను ఎవరైనను చూడవచ్చును. కేసులున్న అభ్యర్థులు ఆ సంగతిని పత్రికలలో మూడు పర్యాయములు ప్రకటింపవలెనని 2018 నుండి నియమము కలదు. అవి సాధారణముగా సన్న అక్షరములతో లోపలి పుటలలో నుండును. పెద్ద అక్షరముల శీర్షికకంటె ఆ సన్న అక్షరములను ముందు చదువుడు. కంటిచూపు తగ్గిన పెద్దలకు ఇంటి పిల్లలు చదివి వినిపింపవలెను.

పిల్లలకొరకు ఒక అభ్యాసము చెప్పెదను, పెద్దలును చేయవచ్చును. ఈసారి ఎన్నికలు వచ్చినప్పుడు మీ నియోజకవర్గమును గూర్చి, మీ గ్రామమును గూర్చి, ‘ఫలాని వర్గపు ఓట్లు ఫలానివారికే’ యని వ్రాసిన తునకలను తేదీతో కత్తిరించి ఒక నోటు పుస్తకములో అంటింపుడు. ప్రతి తునక ప్రక్కను కర్త యెవ్వరో వ్రాయుడు. లేనిచో లేడని వ్రాయుడు. ఫలితములు వచ్చిన కొన్నాళ్లకు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో ఫారము 20 అను పట్టిక దొరకును. అందు ప్రతి పోలింగు కేంద్రములో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడినవో ఉండును. ఎవరు వేసిరన్నది మాత్రము ఉండదు. అది ఎవరికిని తెలియరాదు. మీ కేంద్రపు సంఖ్య గల వరుసను వెదకి, ఆ అంకెలను నోటు పుస్తకములోని తునకల క్రింద ఎక్కింపుడు.